బాపు కింది దవడకు రెండు ఇంప్లాంట్లు: ఒకరు ఆగమంటున్నారు, ఒకరు మూడు రోజుల్లో పెడతామంటున్నారు

భూపాలపల్లి బిడ్డ:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా బాపుకు 66 ఏళ్లు. సింగరేణిలో, భూపాలపల్లి గనుల్లో పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు అమ్మా బాపూ హన్మకొండలో మా దగ్గరే ఉంటున్నారు. బాపుకు కింది దవడలో కుడిపక్క చివరి రెండు పళ్లు లేవు. ఒకటి నాలుగేళ్ల కింద పిప్పి పట్టిందని పీకించాం. దాని వెనకది పోయిన దసరా ముందు కదిలి కదిలి ఊడింది. ఆ పక్క జ్ఞానదంతం ఎప్పుడో తీయించుకున్నాడు. అంటే కుడిపక్క వెనకంతా ఖాళీ. అన్నీ ఎడమపక్కనే నములుతాడు, ఇప్పుడు ఆ పక్క పన్ను కూడా జివ్వుమంటోందట. మొన్న సంక్రాంతికి అమ్మ చేసిన సకినాలు చాయ్‌లో నానబెట్టుకొని తిన్నాడు. అదీ ఎవరూ చూడకుండా. నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదు.

ముగ్గురు డాక్టర్లకు చూపించాం. హన్మకొండలో ఒకాయన, "షుగర్ తగ్గించుకొని రండి, రెండు ఇంప్లాంట్లు పెడతా, మూడు నెలలు ఆగి క్యాప్‌లు వేస్తా" అన్నారు. అంటే దవడ ఎముకలో మర దించి, దాని మీద పన్ను కూర్చోబెడతారట. పన్నుకు 32 వేలు. హైదరాబాద్‌లో ఒక క్లినిక్ వాళ్లు మూడు రోజుల్లో పళ్లతో ఇంటికి పంపిస్తామన్నారు. పన్నుకు 55 వేలు, ఈ నెలాఖరులోపు డబ్బు కడితే తగ్గింపట. మూడో ఆయన అసలు ఇంప్లాంటే వద్దన్నారు. ఖాళీకి ముందున్న రెండు పళ్లను అరగదీసి, క్యాప్‌లు వేసి, వాటికి పట్టుకొని ఒక పన్ను వెనక్కి వేలాడేలా బ్రిడ్జి చేస్తారట. 18 వేలు.

బాపుకు మూడు నెలల షుగర్ సగటు 8.6 వచ్చింది. గుండె కోసం యాస్పిరిన్ వేసుకుంటాడు. బీడీలు బాగా తగ్గించాడు కానీ మానలేదు, రోజుకు ఆరేడు తాగుతాడు.

తమ్ముడేమో హైదరాబాద్‌లోనే చేయిద్దాం, ఒక్కసారికి అయిపోతుంది అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇవి బాపు దాచుకున్న డబ్బులు. ఇంకో సంగతి, అమ్మకూ ఒక పన్ను లేదు. ఎముకలు గుల్లబారాయని ఆమెకు ఏడాదికోసారి సెలైన్‌లో మందు ఎక్కిస్తున్నారు. ఇద్దరికీ ఒకేసారి చేయించవచ్చా? చేయించుకున్నవాళ్లు, ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.


కాజీపేట గార్డు:

అమ్మా, నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. నాకు జరిగింది రాస్తాను, మీకు పనికొస్తుంది.

2013లో కింది దవడ పన్నుకే ఇంప్లాంట్ వేయించుకున్నా. వేసిన డాక్టర్ గారి చెయ్యి మంచిది. నొప్పి కూడా పెద్దగా తెలియలేదు. ఎనిమిదేళ్లు ఆ పన్నుతో మటన్ బొక్కలు కూడా కొరికాను. 2021లో క్యాప్ ఊగడం మొదలైంది. పోయి చూస్తే ఆ క్లినిక్ లేదు, ఆ మడిగెలో సెల్‌ఫోన్ల షాపు ఉంది. డాక్టర్ గారు వేరే రాష్ట్రం వెళ్లిపోయారన్నారు.

ఇంకో క్లినిక్‌కు పోతే, "ఇంప్లాంట్ గట్టిగానే ఉంది, లోపల స్క్రూ వదులైంది, బిగిస్తే చాలు, ఇది ఏ కంపెనీది?" అని అడిగారు. నాకేం తెలుసు? నా దగ్గరున్న బిల్లు మీద "ఇంప్లాంట్ 1" అని ఉంది, అంతే. వాళ్ల దగ్గరున్న స్క్రూడ్రైవర్లు ఏవీ సరిపోలేదు. మరో చోట దగ్గరదగ్గరగా పట్టిన దానితో తిప్పబోతే స్క్రూ తల అరిగిపోయింది. ఇక ఇటు బిగియదు, అటు రాదు. ఆ సందులో మెతుకులు ఇరికి చీము పట్టింది. ఎనిమిది నెలలు నాలుగు క్లినిక్‌లు తిరిగాక చుట్టూ ఎముక కోసి ఇంప్లాంటే తీసేశారు. ఎముకకు అంత బాగా అతుక్కొని ఉన్నదాన్ని తీయాల్సి వచ్చిందని ఆ డాక్టరమ్మే బాధపడ్డది.

అందుకే చెప్తున్నా, ఎక్కడ చేయించినా సరే, లోపల ఏం పెట్టారో కాగితం మీద తీసుకోండి.


పళ్ల ల్యాబ్, హన్మకొండ:

గార్డు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. చిన్న స్టిక్కర్ ఒకటి మీ దగ్గర ఉంటే ఆ పన్ను ఇవాళ్టికీ మీ నోట్లో ఉండేది.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. డాక్టర్లు కొలతలు పంపితే క్యాప్‌లు, బ్రిడ్జీలు, పళ్ల సెట్లు చేసేది మేము. 2006 నుంచి ఇదే పని. నేను డాక్టర్‌ని కాదు, షుగర్ సంగతీ మందుల సంగతీ వాళ్లే చెప్పాలి. కానీ ఇంప్లాంట్ మీద కూర్చునే పన్ను మా చేతుల్లో తయారవుతుంది, చెడిపోయినప్పుడు మళ్లీ మా దగ్గరికే వస్తుంది. అందుకని ఆ ముక్క నేను చెప్పగలను.

నెలకు రెండు మూడుసార్లు నాకు వాట్సాప్‌లో ఎక్స్‌రే ఫొటో వస్తుంది. "అన్నా, ఇది ఏ కంపెనీ ఇంప్లాంటో చూడు" అని డాక్టర్లే పంపుతారు. మర చుట్లు ఎలా ఉన్నాయి, మెడ దగ్గర వెడల్పా సన్నమా, లోపలి గాడి ఎంత లోతు అని కేటలాగ్‌లు ముందేసుకొని పోల్చి చూస్తా. కొన్నిసార్లు దొరుకుతుంది. దొరకని రోజు ఆ మనిషి ఇప్పుడు ఏం చేస్తాడా అని నిద్ర పట్టదు. ఎక్స్‌రే చూసి కంప్యూటరే కంపెనీని గుర్తుపట్టేలా ఇప్పుడు పరిశోధనలు జరుగుతున్నాయి. అవి తొందరగా మన దాకా రావాలని నేను నిజంగా కోరుకుంటున్నా.

అక్కా, ఇంప్లాంట్ అని ఒక్క మాటలో అంటాం కానీ అది మూడు ముక్కలు. ఎముకలోకి పోయేది టైటానియం మర. దాని మీద చిగురు దాటి పైకి వచ్చే చిన్న దిమ్మెను అబట్‌మెంట్ అంటారు. ఆ దిమ్మె మీద కనిపించే పన్ను క్యాప్. దిమ్మెను మరకు పట్టి ఉంచేది లోపలున్న ఒక సన్నని స్క్రూ. ఆ స్క్రూ తల ఒక కంపెనీకి ఆరు మూలలు ఉంటుంది, ఇంకో కంపెనీకి నక్షత్రంలా ఉంటుంది. మర లోపలి గాడి కూడా ఒక్కో కంపెనీకి ఒక్కో కొలత. ఒకే కంపెనీలో కూడా ఇంప్లాంట్ లావును బట్టి మారవచ్చు. పన్నెండో నంబర్ నట్టుకు పదమూడో నంబర్ పానా పెడితే ఏమవుతుందో బాపుకు మనం చెప్పక్కర్లేదు, గనిలో చేసిన మనిషి.

ఇంప్లాంట్ సీల్ వేసిన డబ్బీలో వస్తుంది. ఊడదీసి అంటించుకునేలా దాని మీద స్టిక్కర్లు ఉంటాయి. కంపెనీ, మోడల్, లావు, పొడవు, లాట్ నంబర్, అన్నీ ఉంటాయి. ఒకటి డాక్టర్ గారి ఫైల్‌లోకి పోతుంది, ఒకటి మీరు అడిగి తీసుకోవాలి. ఆపరేషన్ రోజే అడగండి, తర్వాత అంటే డబ్బీ చెత్తలోకి పోతుంది. క్యాప్ పెట్టిన రోజు ఇంకో రెండు సంగతులు రాయించుకోండి. అబట్‌మెంట్ ఆ కంపెనీదేనా, దానికి సరిపడేలా వేరేవాళ్లు చేసిందా? స్క్రూ ఎంత బిగువుకు బిగించారు? ఇవన్నీ ఫొటో తీసి ఇంట్లో ముగ్గురి ఫోన్లలో పెట్టండి.

ఎందుకింత నొక్కి చెప్తున్నానంటే, ఇది ఐదేళ్ల వస్తువు కాదు. దీన్ని మొదలుపెట్టింది స్వీడన్ డాక్టర్ బ్రానెమార్క్. 1950లలో కుందేలు ఎముకలో టైటానియం గొట్టం పెట్టి రక్తం ఎలా పారుతుందో చూస్తుంటే, చివరికి ఆ గొట్టం ఎముక నుంచి ఊడి రాలేదు. అక్కడ పుట్టింది ఈ వైద్యం. 1965లో మొదటిసారి ఒక మనిషికి పెట్టారు. గోస్టా లార్సన్ అని, పుట్టుకతోనే దవడ సరిగ్గా లేని మనిషి. 2006లో చనిపోయేదాకా ఆ ఇంప్లాంట్లతోనే తిన్నాడు. నలభై ఏళ్లు! అన్నేళ్లు నిలిచేదాన్ని మన నోట్లో పెట్టించుకుంటూ, అదేమిటో రాసుకోకుండా ఎలా ఉంటాం?

ఇక ధర. 32 వేలు, 55 వేలు అని రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చొద్దు. లోపల ఏ ఇంప్లాంట్, పైన ఏ క్యాప్, స్కాన్ అందులోనే ఉందా, ఎముక తక్కువైన చోట నింపే ఎముక పొడి వేయాల్సి వస్తే దానికి వేరే డబ్బులా, ఇవన్నీ అడిగాక పోల్చండి. స్విట్జర్లాండ్ స్ట్రామన్, స్వీడన్‌లో మొదలైన నోబెల్ బయోకేర్, కొరియా ఆస్టెమ్, ఇంకా మన దేశంలో తయారయ్యేవి కూడా నా బల్ల మీదికి వస్తాయి. ఖరీదైనదే మంచిదని నేను అనను. పదిహేనేళ్ల తర్వాత కూడా దాని స్క్రూ, దాని డ్రైవర్ మన ఊళ్లో దొరుకుతాయా అన్నది నా ప్రశ్న. నా ఇంట్లో వాళ్లకైతే హన్మకొండ, వరంగల్‌లో కనీసం నలుగురైదుగురు డాక్టర్లు వాడుతున్న కంపెనీదే పెట్టిస్తా.

క్యాప్‌ను స్క్రూతో బిగించేలా చేయమని అడగండి. సిమెంటుతో అంటించే పద్ధతిలో మిగిలిన సిమెంటు చిగురు కిందికి జారవచ్చు. అది కంటికి కనపడదు, దాని చుట్టూ చీము పట్టవచ్చు. మళ్లీ విప్పాలన్నా చాలాసార్లు క్యాప్ కోయాల్సి వస్తుంది. స్క్రూదైతే పైన చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని పళ్ల రంగు ఫిల్లింగ్‌తో పూడుస్తారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరవొచ్చు. ఇంప్లాంట్ బాగా వంకరగా దిగితే మాత్రం స్క్రూ రంధ్రం అడ్డదిడ్డంగా వస్తుంది, అప్పుడు కుదరదు.

ఆ వంకర సంగతే మా పనిలో వచ్చిన పెద్ద మార్పు. నేను పని నేర్చుకున్నప్పుడు ఎముక ఎక్కడ ఉంటే ఇంప్లాంట్ అక్కడ దిగేది, ఆ తర్వాత పన్ను ఎలా కూర్చోబెట్టాలన్నది మా తలనొప్పి. నాలుక వైపు ఒరిగిన ఇంప్లాంట్ల మీద బుగ్గ వైపు పళ్లు చేసి ఇచ్చిన రోజులున్నాయి. అలా చేసినవాటి కింద ఎప్పుడూ అన్నం ఇరికేది. ఇప్పుడు పన్ను ఎక్కడుండాలో ముందు కంప్యూటర్‌లో పెడతాం. దవడ స్కాన్‌ను, నోట్లో తీసిన స్కాన్‌ను ఒకదాని మీద ఒకటి వేసి, ఆ పన్ను కింద ఎముకలోకి ఇంప్లాంట్ ఎటు దిగాలో డాక్టర్ గారు చూసుకుంటారు. ఆ దారి ప్రకారం రంధ్రం ఉన్న తొడుగును మేము త్రీడీ ప్రింటర్‌లో అచ్చు వేస్తాం. ఆపరేషన్ రోజు అది పళ్ల మీద కూర్చుంటుంది, డ్రిల్లు ఆ రంధ్రంలోంచే పోతుంది. నోట్లో ముద్ద పెట్టి కొలత తీసి, ఆ అచ్చును ఆటోలో పంపే రోజులు పోయి, ఇప్పుడు ఫైలు మెయిల్‌లో వస్తోంది. అయితే కొలత తప్పుగా తీస్తే తొడుగు కూడా తప్పే. తొడుగు కొంచెం ఊగినా సరే వాడొద్దని నేను డాక్టర్లకు చెప్తాను, ఇంకోటి చేసి ఇస్తాను కూడా.

వెనక్కి వేలాడే బ్రిడ్జి గురించి నా మాట సూటిగా చెప్తా. వెనక ఆధారం లేకుండా దవడ పన్నును వేలాడదీస్తే, నమిలిన ప్రతిసారీ ముందున్న రెండు పళ్లను అది పెకిలిస్తూ ఉంటుంది. అలాంటివి విరిగి, కొన్నిసార్లు లోపలి పన్నుతో సహా విరిగి, నా దగ్గరికి వచ్చాయి. 18 వేలు పోతే పోయాయి, మంచి పళ్లు రెండు అరగదీస్తారు, అవి మళ్లీ రావు. ఇంప్లాంట్ ఇప్పుడు కుదరకపోతే తీసి పెట్టుకునే చిన్న సెట్టు నయం. దానికోసం పళ్లు అరగదీయడం దాదాపు ఉండదు, తర్వాత ఇంప్లాంట్‌కు దారి మూసుకుపోదు.


చిగుళ్ల డాక్టర్, కరీంనగర్:

పై పోస్టు రాసిన టెక్నీషియన్ గారితో నేను దాదాపు పూర్తిగా ఏకీభవిస్తాను. మిగిలిన వైద్యం సంగతి చెప్తాను. బాపు గారిని నేను చూడలేదు కాబట్టి ఇది మీ డాక్టర్‌తో మాట్లాడటానికి మాత్రమే.

హన్మకొండలో ఆగమన్న ఆయన సరిగ్గా చెప్పారు. నేనైతే 8 దాటిన షుగర్‌తో ఈ ఆపరేషన్ మొదలుపెట్టను. 7 దగ్గరికి రానివ్వండి. గాయం మానడం, ఎముక పట్టడం రెండూ దాని మీద ఆధారపడి ఉంటాయి. యాస్పిరిన్ సొంతంగా ఆపొద్దు, గుండె డాక్టర్‌ను అడగాలి. మామూలుగా దాన్ని ఆపకుండానే ఈ పని చేస్తాం.

బీడీ గురించి తప్పనిసరిగా మాట్లాడాలి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లలో బీడీ తాగేవాళ్లు చాలా మంది. వాళ్ల చిగుళ్లు ఎర్రగా ఉండవు, రక్తం కూడా పెద్దగా కారదు. పైకి బాగున్నట్టే కనిపిస్తుంది. పొగ రక్తనాళాలను బిగించేస్తుంది కాబట్టి జబ్బు బయటికి తెలియదు, లోపల ఎముక మాత్రం కరిగిపోతూ ఉంటుంది. ఇంప్లాంట్ చుట్టూ కూడా అదే జరుగుతుంది. పొగ తాగేవాళ్లలో ఇంప్లాంట్లు విఫలమయ్యే అవకాశం ఎక్కువని ఎన్నో అధ్యయనాల్లో తేలింది. కనీసం వారం ముందు ఆపి, తర్వాత రెండు నెలలు ముట్టుకోకూడదు. అన్ని రోజులు ఆపగలిగిన మనిషి పూర్తిగా కూడా మానగలడు. నా దగ్గర మానినవాళ్లున్నారు.

మూడు నెలలు ఎందుకు ఆగాలని తమ్ముడు అడుగుతాడు. ఇంప్లాంట్ దించిన రోజు అది గోడలో దిగిన మేకులా బిగుతుగానే ఉంటుంది. ఆ తర్వాత దాన్ని ఆనుకున్న పాత ఎముక కొంచెం కరుగుతుంది, ఆ చోట కొత్త ఎముక వస్తుంది. పాతది వదులై కొత్తది ఇంకా గట్టిపడని కాలం ఒకటి మధ్యలో ఉంటుంది. మూడు, నాలుగు వారాల దగ్గర అది బాగా బలహీనంగా ఉంటుంది. అప్పుడు దాని మీద జొన్నరొట్టె నమిలితే ఇంప్లాంట్ సన్నగా కదులుతుంది, ఎముక బదులు మెత్తని పొర చుట్టుకుంటుంది. ఇప్పటి ఇంప్లాంట్ల పైతలాన్ని గరుకుగా చేస్తున్నారు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఆరు నుంచి ఎనిమిది వారాలు కూడా సరిపోతున్నాయి. షుగర్, బీడీ ఉన్న మనిషికి మూడు నెలలే నా లెక్క.

వెంటనే పళ్లు పెట్టడం మోసమని నేను అనడం లేదు. దవడలో ఒక్క పన్నూ లేనివాళ్లకు నాలుగు ఇంప్లాంట్లు వేసి, అన్నిటినీ ఒకే కట్టుగా కలిపి, అదే రోజో మర్నాడో పళ్లు పెట్టే పద్ధతి ఉంది. పోర్చుగల్‌కు చెందిన పాలో మాలో దాన్ని ప్రచారంలోకి తెచ్చారు, బాగా నిలిచింది. అక్కడ ఒకదానికొకటి ఆసరా. ముందు పన్ను పోయి ముఖం బాగోలేదన్నా తాత్కాలికంగా పెడతాం, ఎదుటి పన్నుకు తగలకుండా. కానీ నోట్లో అన్నిటికంటే ఎక్కువ బరువు పడే చివరి దవడ పళ్లకు, ఎవరికీ కనపడని చోట, 8.6 షుగర్‌తో మూడు రోజుల్లో ఎందుకు? నెలాఖరు తగ్గింపుకూ ఎముక మానడానికీ సంబంధం లేదు.

దవడ త్రీడీ స్కాన్, అంటే సీబీసీటీ, లేకుండా ఒప్పుకోవద్దు. పన్ను తీసిన ఏడాదిలో ఆ చోట ఎముక గట్టు వెడల్పు సగం దాకా తగ్గిపోవచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. బాపు గారికి నాలుగేళ్ల కింద పోయిన చోట ఎంత మిగిలిందో చూడాలి. కింది దవడలో పెదవికి స్పర్శనిచ్చే నరం ఒకటి పోతుంది. ఇంప్లాంట్ కొసకూ దానికీ కనీసం రెండు మిల్లీమీటర్లు వదలాలి. మామూలు ఎక్స్‌రేలో ఎత్తు కనిపిస్తుంది, వెడల్పు కనిపించదు. నరానికి దెబ్బ తగిలితే పెదవి మొద్దుబారి, అన్నం తింటుంటే గడ్డం మీద మెతుకు ఉన్నా తెలియదు. అలాంటి మనిషిని చూశాక నేను స్కాన్ లేకుండా ఒక్కటీ వేయలేదు.

అమ్మగారి విషయం వేరు, ఇద్దరినీ కలపొద్దు. ఏడాదికోసారి ఎక్కించేది బహుశా జోలెండ్రోనిక్ యాసిడ్ అయి ఉంటుంది, చీటీ చూసుకోండి. ఈ జాతి మందుల వల్ల అరుదుగా దవడ ఎముక మానకుండా బయటపడిపోయే సమస్య వస్తుంది. ఎముకల బలహీనతకు ఇచ్చే మోతాదులో ఆ ప్రమాదం తక్కువే, కానీ ఉంది. ఎన్నేళ్లుగా తీసుకుంటున్నారు, స్టెరాయిడ్లు ఏమైనా వాడుతున్నారా అన్నది ముఖ్యం. మందు రాసిన డాక్టర్, పళ్ల డాక్టర్ ఇద్దరూ మాట్లాడుకోవాలి. పన్ను కోసం మందు మీ అంతట మీరు ఆపొద్దు. ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ అనే ఇంజక్షన్ అయితే అస్సలు ఆపొద్దు, ఆపితే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. ఒక్క పన్నే కాబట్టి, పక్క పళ్లు బాగుంటే అమ్మగారికి మామూలు బ్రిడ్జి చాలేమో అడగండి.

క్యాప్ పెట్టాక పని అయిపోయిందని అందరూ అనుకుంటారు, నా పని అప్పుడే మొదలవుతుంది. సొంత పన్నుకూ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఉంటుంది, అందులో స్పర్శ ఉంటుంది. ఇంప్లాంట్‌కు అది లేదు. జబ్బు చేసినా చాలాసార్లు నొప్పి రాదు, ఎంత గట్టిగా కొరుకుతున్నామో సరిగా తెలియదు. చిగురు మాత్రమే వాచి, ముట్టుకుంటే రక్తం వచ్చే దశలో పట్టుకుంటే పూర్తిగా నయమవుతుంది. ఎముక కరగడం మొదలయ్యాక తిరిగి మొదటికి తేవడం చాలా కష్టం. అందుకని క్యాప్ పెట్టిన రోజు ఒక ఎక్స్‌రే తీయించి దాచండి, తర్వాతి ఏళ్లలో దానితోనే పోల్చాలి. మొదటి ఏడాది మూడు నాలుగు నెలలకోసారి చూపించండి. పళ్ల సందుల్లో తోమే చిన్న బ్రష్ రోజూ వాడాలి. ఇంకో మాట, ఊడిన రెండో పన్ను కదిలి ఊడిందన్నారు. అంటే మిగిలిన పళ్లకు కూడా చిగుళ్ల జబ్బు ఉండే అవకాశం ఉంది. దానికి వైద్యం ముందు జరగాలి, ఇంప్లాంట్ తర్వాత.

ఖర్చు భారమైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, అక్కడా అడిగి చూడండి. చాలాసార్లు తిరగాల్సి వస్తుంది, కాజీపేట నుంచి పొద్దున రైలుకు పోయి రావచ్చు.


భూపాలపల్లి బిడ్డ:

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రాత్రి తమ్ముడికి ఫోన్‌లో అన్నీ చదివి వినిపించాను. గార్డు గారి మాటల దగ్గర వాడు మాట్లాడలేదు. బాపు పక్కన కూర్చొని విన్నాడు, బీడీల సంగతి వచ్చినప్పుడు లేచి బయటికి పోయాడు.

తమ్ముడిది ఒక ప్రశ్న. జపాన్‌లో పళ్లు మళ్లీ మొలిపించే మందు వచ్చిందట, రోబోలు ఇంప్లాంట్లు వేస్తున్నాయట. రెండు మూడేళ్లు ఆగితే మంచిది కాదా అంటున్నాడు.


చిగుళ్ల డాక్టర్, కరీంనగర్:

వార్త నిజమే. యూశాగ్-1 అనే ప్రోటీన్ పన్ను ఎదుగుదలను ఆపుతుంది, దాన్ని అడ్డుకునే మందును కత్సు తకహాషి బృందం తయారుచేసింది. క్యోటో యూనివర్సిటీ ఆస్పత్రిలో 2024లో మనుషుల మీద మొదటి దశ పరీక్షలు మొదలయ్యాయి. మొదటి దశలో చూసేది మందు హాని చేయదా అని మాత్రమే. వాళ్లు మొదట ఉద్దేశించింది పుట్టుకతోనే పళ్లు మొలవని పిల్లలకు. 66 ఏళ్ల మనిషికి పోయిన దవడ పన్ను దానితో వస్తుందని ఆగితే, ఈలోపు ఎముక ఇంకా తగ్గుతుంది, పైనున్న పన్ను కింది ఖాళీలోకి దిగుతుంది. ఆ పన్ను దిగితే క్యాప్‌కు చోటే ఉండదు.

రోబో కూడా ఉంది. అమెరికాలో యోమి అనే దానికి 2016 చివర్లో అనుమతి వచ్చింది. అది డాక్టర్ చేతిని దారి తప్పకుండా పట్టి ఉంచుతుంది. 2017లో చైనాలోని షియాన్‌లో ఒక రోబో తనంతట తాను రెండు ఇంప్లాంట్లు వేసింది, డాక్టర్లు పక్కన ఉన్నారు. ఖచ్చితత్వం పెరుగుతుంది, సంతోషమే. బాపు గారికి కావాల్సిన ఖచ్చితత్వం టెక్నీషియన్ గారు చెప్పిన తొడుగుతో వస్తుంది. ఏ రోబో షుగర్ తగ్గించదు, బీడీ మాన్పించదు. టైటానియం బదులు తెల్లని జిర్కోనియా ఇంప్లాంట్లు కూడా వస్తున్నాయి. బాగున్నాయి, కానీ టైటానియం అంత సుదీర్ఘ అనుభవం వాటికి ఇంకా లేదు.


భూపాలపల్లి బిడ్డ:

ఎనిమిది నెలల తర్వాత రాస్తున్నాను. మధ్యలో రాయనందుకు ఏమీ అనుకోకండి.

బాపు ఫిబ్రవరిలో బీడీలు మానేశాడు. మొదటి పదిహేను రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. పొద్దున పద్మాక్షి గుట్ట దాకా నడవడం మొదలుపెట్టాడు. ముందు మిగిలిన పళ్లకు చిగుళ్ల వైద్యం చేయించాం. మే నెలలో షుగర్ 7.2కు వచ్చింది. అప్పుడు హన్మకొండ డాక్టర్ గారే స్కాన్ తీయించి, తొడుగు పెట్టి రెండు ఇంప్లాంట్లు వేశారు. ఆ రెండింటిలో ముందుదాని చోట ఎముక సన్నగా ఉందని కొంచెం ఎముక పొడి వేశారు, దానికి తొమ్మిది వేలు ఎక్కువైంది. స్టిక్కర్లు అడిగితే డాక్టర్ గారు ఆశ్చర్యపోయారు, ఇన్నేళ్లలో మీరే అడిగారు అని. రెండూ ఇచ్చారు. బాపు వాటిని తన పెన్షన్ పుస్తకం లోపలి అట్టకు అంటించుకున్నాడు.

ఎముక పొడి వేశారు కాబట్టి నాలుగు నెలలు ఆగి, పోయిన వారం క్యాప్‌లు పెట్టారు. స్క్రూవే. అమ్మకు మాత్రం ఎముకల డాక్టర్‌తో మాట్లాడాక బ్రిడ్జి చేయించాం. నిన్న సద్దుల బతుకమ్మ. బాపు మలీద తిన్నాడు, తర్వాత సర్వపిండి అడిగి మరీ కుడిపక్క నమిలాడు. అమ్మ వంటింట్లోంచే చూస్తూ నిలబడింది.

ఒక చిన్న అనుమానం. వెనక క్యాప్ మీద మధ్యలో గుండ్రంగా తెల్లటి మచ్చ కనిపిస్తోంది. నాలుకకు కొంచెం గరుకుగా తగులుతోందట. ఏమైనా ప్రమాదమా?


పళ్ల ల్యాబ్, హన్మకొండ:

అక్కా, చాలా సంతోషం. బాపుకు నా నమస్కారం చెప్పండి.

ఆ మచ్చ స్క్రూ రంధ్రం పూడ్చిన చోటు. భయం లేదు. గరుకు ఉంటే డాక్టర్ గారు రెండు నిమిషాల్లో నున్నగా చేస్తారు. ఆ పూత ఎప్పుడైనా ఊడిపోయి గుంట కనిపిస్తే మాత్రం వారంలోపు పోయి మళ్లీ పూడ్పించండి, గుంటలో అన్నం చేరనివ్వొద్దు. మొదటిసారి చూపించడానికి పోయినప్పుడు స్క్రూ బిగువు కూడా ఒకసారి చూడమనండి. పెన్షన్ పుస్తకం వెంట తీసుకొని పోండి.


కాజీపేట గార్డు:

ఆ స్టిక్కర్ ఫొటో తమ్ముడి ఫోన్‌కు కూడా పంపించారా అమ్మా?


భూపాలపల్లి బిడ్డ:

ఇప్పుడే పంపాను సార్.